నిన్న ఏం తిన్నారు?

ఆదివారం పొద్దున్న పప్పులోకి పోపు పెడుతుంటే ఫోన్ మోగింది. చికాగోలో ఉండే పిన్నిగారి తమ్ముడు. "అక్కయ్య పోయిందమ్మా. నిన్న సాయంత్రం షాపు నించి వచ్చి కుర్చీలో కూర్చుందిట, కూర్చున్నది కూర్చున్నట్టే..." అన్నాడు. ఆ తర్వాత ఆయనేం చెప్పాడో నాకు గుర్తులేదు. పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మింది, స్మోక్ అలారమ్ గోల పెట్టింది, నేను మాత్రం ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడే ఆ పక్కనుంటే ముందు ఆ పోపు గురించే నన్ను తిట్టేవారు.

ఈ పత్రిక చదివే మీలో, డిట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న చాలామందికి ఆవిడ తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆవిడ నాకు సొంత పిన్ని కాదు, ఏ వరసా లేదు. మా ట్రాయ్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. డెబ్బై ఎనిమిదిలో నేను పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేసరికే ఆవిడ ఈ దేశానికి పాతకాపు. చీర మీద తెల్లకోటు, కాళ్ళకి టెన్నిస్ షూస్, కోటు జేబులో వేయించిన వేరుశెనగపప్పు. పిల్లలు ఆవిణ్ణి పిల్స్ ఆంటీ అనేవాళ్ళు. దేన్ని లెక్కపెట్టినా ఐదేసి చొప్పున లెక్కపెట్టేవారు. షాపులో పళ్ళెంలో మాత్రలు పోసుకుని, చాకులాంటి చిన్న బద్దతో ఐదు ఐదుగా పక్కకి జరపడం అలవాటై, ఇంట్లో పచ్చిమిరపకాయలు కూడా అలాగే జరిపేవారు. పుట్టినరోజు పార్టీలో పిల్లల్ని కూడా భుజాలు పట్టుకుని ఐదేసి మందిని జరిపేసి, "ఇరవై మూడు, కేకు సరిపోతుంది" అని తేల్చేసేవారు.

మొదటిసారి ఆవిణ్ణి చూసింది మల్టీవిటమిన్ సీసా కొనడానికి వెళ్ళినప్పుడే. ఉన్నవాటిలోకెల్లా పెద్ద సీసా ఏరుకుని కౌంటర్ మీద పెట్టాను. ఆవిడ సీసా వంక చూడకుండా నా బొట్టు వంక చూసి, "ఏ ఊరు మీది?" అన్నారు, తెలుగులో. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు వారాలైంది బయటి మనిషి నోట తెలుగు మాట విని. తెనాలి అని చెప్పాక, "ఒంట్లో ఏమైనా బాగాలేదా? డాక్టరు వేసుకోమన్నాడా?" అన్నారు.

"లేదండీ. ఇక్కడందరూ వేసుకుంటారటగా."

"వేసుకుంటారు. అమ్మితే నాకు జీతమిస్తారు. నువ్వు తెలుగుపిల్లవి గనక చెబుతున్నా. సుబ్బరంగా తింటున్నదానివి, ఇది నీకు అక్కర్లేదు."

నేను వింటేగా! కొనుక్కునే వెళ్ళాను. అమెరికా వచ్చి, అందరూ వేసుకునేది నేను వేసుకోకపోతే ఏదో నష్టపోతానని నా భయం. ఇండియా వెళ్ళేవాళ్ళయితే సూట్‌కేసుల్లో అరడజను సీసాలు సర్దేవాళ్ళు, బావగారికో సీసా, పక్కింటి మాస్టారికో సీసా. ఆవిడ బిల్లు కొడుతూనే సణిగేవారు. "ఆ మాస్టారి దొడ్లో బొప్పాయిచెట్టుందన్నావు కదే మొన్న!" అని.

పాప పుట్టాక నాకు బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. పొద్దున్న ఏడింటికి వెళితే సాయంత్రం ఐదున్నరకి రావడం. వారానికి సరిపడా వంట ఆదివారం వండి డబ్బాల్లో పెట్టేదాన్ని. గురువారం వచ్చేసరికి ఆ కూర మొహం చూడబుద్ధయ్యేది కాదు. ఇంటిల్లిపాదికీ సరిగ్గా పెట్టలేకపోతున్నానన్న బాధ మనసులో ఓ మూల ఉండేది. ఆ బాధకి మందు ఆ బిళ్ళ. పొద్దున్నే ప్రతి కంచం పక్కనా ఒక బిళ్ళ పెట్టేసి ఉద్యోగానికి పోయేదాన్ని. పెట్టాల్సింది పెట్టేశాను, ఇంక నా పూచీ లేదు అన్నంత నిశ్చింత.

ఎనభై ఒకటిలో మా అత్తయ్యగారు వచ్చారు. మావగారు పోయి అప్పటికి ఐదేళ్ళు. ఆవిడ కంచం పక్కన కూడా బిళ్ళ పెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ మారుమాట్లాడకుండా వేసుకునేవారు. మనిషి తీరే అంత. నన్ను ఇది కావాలి, అది వద్దు అని అడిగి ఎరగరు. మనవరాలే లోకం.

మరుసటేడు ఉగాదికి మనవాళ్ళందరం స్కూలు కాఫెటీరియాలో కలిశాం. తలా ఒక వంటకం తెచ్చుకున్నాం. నేను పర్సులోంచి బిళ్ళ తీసి అత్తయ్యగారి విస్తరి పక్కన పెట్టడం ఎదురుగా కూర్చున్న పిన్నిగారు చూశారు. ఇంకేం, పట్టుకున్నారు నన్ను. "ఇక్కడిక్కూడా మోసుకొచ్చావుటే! పప్పూ కూరా తిని, చివర ఇంత పెరుగన్నం కలుపుకుని లేచే మనిషికి ఈ బిళ్ళెందుకు? అక్కయ్యగారూ, మీకిది ఏమీ అక్కర్లేదు, దండగ!" అన్నారు. బల్ల బల్లంతా నవ్వింది. అత్తయ్యగారు కూడా నవ్వారు. నాకు చిన్నతనమనిపించి, పంతానికి, మర్నాటినుంచి మరింత శ్రద్ధగా పెట్టాను బిళ్ళలు.

ఇంక ఎనభై నాలుగు చలికాలం సంగతి. అత్తయ్యగారు తూలి పడబోతున్నారు. గోడ పట్టుకుని నడుస్తున్నారు. పాపని మా ఆడపడుచు పేరు పెట్టి పిలుస్తున్నారు. చారులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారు. నాలిక మంటని ఆవకాయ మానేశారు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే రక్తం తక్కువగా ఉందన్నాడు, వయసన్నాడు. "విటమిన్లేమైనా వేసుకుంటున్నారా?" అని అడిగాడు. "రోజూ!" అన్నాను, గర్వంగా. ఆయన అది రాసుకున్నాడు. ఆ "రోజూ" అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

మావారు బెంగ పెట్టుకున్నారు. "ఈ చలి అమ్మకి పడట్లేదు. పగలంతా ఒక్కత్తే ఉంటోంది, ఎక్కడైనా పడితే? ఇండియాలో అక్కయ్య దగ్గరికి పంపించేద్దాం" అన్నారు. మార్చికి టికెట్ బుక్ చేశారు. అత్తయ్యగారు సరేనన్నారు. అని, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నన్ను మర్చిపోవుగా?" అని అడుగుతుంటే వంటింట్లోంచి విన్నాను. ఆవిడకి వెళ్ళాలని లేదు. అలా వెళితే మళ్ళీ రారని మా అందరికీ తెలుసు.

ఆవిడతో పంపడానికి ఆరునెలలకి సరిపడా బిళ్ళలు కొందామని పిన్నిగారి షాపుకి వెళ్ళాను. చూడండి నా తెలివి!

"ఉండిపోతానన్నారుగా అక్కయ్యగారు, ఏమొచ్చింది?" అన్నారు పిన్నిగారు.

"ఏం చెప్పను పిన్నిగారూ. కాలికున్న చెప్పు ఊడిపోయినా తెలియట్లేదు. ఒకటి హాల్లో, ఒకటి వంటింట్లో. ఆవిడ మాత్రం రెండూ ఉన్నాయనుకుని నడుస్తూనే ఉంటారు."

పిన్నిగారు సీసాలు సంచిలో వేస్తున్న చెయ్యి ఆపేశారు. "రెండు కాళ్ళకీ తెలియట్లేదా?"

"రెండు కాళ్ళకీనూ. నాలిక మంట కూడా."

"ఇవి ఇక్కడే ఉండనీ. సాయంత్రం మీ ఇంటికొస్తున్నాను."

తెల్లకోటు విప్పకుండానే వచ్చారు. బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని, తిన్నగా వెళ్ళి అత్తయ్యగారి పక్కన సోఫాలో కూర్చున్నారు. పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నొక్కి చూశారు. "అయ్యో, నా కాళ్ళు పట్టుకుంటావేమిటి తల్లీ" అని ఆవిడ గింజుకుంటున్నా వదల్లేదు. అప్పుడడిగారు. "అక్కయ్యగారూ, నిన్న ఏం తిన్నారు?"

జవాబు చెబుదామని నేనే నోరు తెరిచాను. తీరా చూస్తే నాకు తెలియదు. మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి మధ్యాహ్నం ఏం తింటోందో నాకు తెలియదు.

"అన్నం. కాస్త పప్పు. చారు" అన్నారు అత్తయ్యగారు.

"పెరుగు?"

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"పోనీ, మజ్జిగ?"

"కాశీలో వదిలేశానమ్మా" అన్నారు, ఏదో తప్పు చేసినదానిలా. "ఆయన అస్థికలు కలపడానికి వెళ్ళినప్పుడు. పాలూ, పెరుగూ. కాఫీ కూడా అప్పుడే పోయింది."

కాశీకి వెళితే మనకిష్టమైనదేదో ఒకటి వదిలేసి రావాలి కదా. మా అమ్మ పొట్లకాయ వదిలింది. మా ఇంట్లో పొట్లకాయ ఎవరికీ గిట్టదు, ఏనాడూ వండింది లేదు. చాలామంది చేసేది ఇదే. మా అత్తయ్యగారికి ఆ లౌక్యం తెలియదు. ఇష్టమైనదంటే నిజంగా ఇష్టమైనదే వదిలారు. వచ్చిన కొత్తలో ఆవిడకి దగ్గు. పెరుగు వేసుకోవడం లేదంటే పడదు కాబోలనుకున్నాను. ఎందుకని అడగలేదు. పక్కనే ఉన్న మావారైతే, "అమ్మా, నువ్వు పెరుగు మానేశావా? ఎప్పుడు?" అని అక్కడే నిలబడిపోయారు. వాళ్ళమ్మ చేతి పెరుగన్నం గురించి పెళ్ళైన కొత్తలో నాకు వారానికోసారి వర్ణించిన మనిషి.

"సరేనండీ. మరి మీ కోడలు రోజూ బిళ్ళ పెడుతుందిగా, అది వేసుకుంటున్నారా?"

అత్తయ్యగారు నా వంక చూశారు. గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి రెండు ఇన్‌స్టంట్ కాఫీ సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. రెంటినిండా బిళ్ళలే. "పారెయ్యడానికి మనసొప్పలేదు. అమ్మాయి అంత ప్రేమగా పెట్టింది, వద్దంటే బాధపడుతుందని దాచాను."

"ఎందుకు మానేశారు?"

"నువ్వేగా తల్లీ చెప్పావు, ఉగాదినాడు. మీకు అక్కర్లేదని."

పిన్నిగారు ఒక సీసా కంచంలో ఒంపి, వెన్న రాసే చాకు తీసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఐదు, పది, పదిహేను. ఎందుకు లెక్కపెడుతున్నారో ఆవిడకీ తెలియదనుకుంటాను, చేతులకి ఆ పని తప్ప ఇంకోటి రాదు. నూట ఎనభై దాకా వచ్చి చాకు కింద పెట్టేశారు.

"నేను అడగలేదు" అన్నారు. "తెలుగింటి ఆడది, పెరుగన్నం తినకుండా ఎలా లేస్తుందిలే అనుకున్నాను. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు కూడా లేకపోతే బి ట్వెల్వ్ విటమిన్ ఎక్కణ్ణించి వస్తుంది ఒంటికి? అది చాలకపోతే నరాలు దెబ్బతింటాయి. ఇవి వేసుకుంటూ ఉంటే కాళ్ళు ఇంతదాకా వచ్చేవి కావేమో. నలుగురినీ నవ్వించాలని నోరు పారేసుకున్నాను." కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఊరుకో తల్లీ. నేను చెబితేగా నీకు తెలిసేది" అన్నారు అత్తయ్యగారు, ఆవిడ వీపు నిమురుతూ. నేను ఇద్దరి మధ్యా బొమ్మలా నిలబడ్డాను. మా ముగ్గురిలో అసలు అడగాల్సింది నేను.

మర్నాడు పిన్నిగారే డాక్టరుకి ఫోన్ చేసి, తను ఉగాదినాడు అన్నదీ, నేను "రోజూ" అన్నదీ, దాచకుండా చెప్పారు. రక్తపరీక్షలో అదే తేలింది. ఇంజెక్షన్లు రాశాడు. అప్పుడొచ్చింది అసలు చిక్కు. "దేంతో చేస్తారమ్మా ఈ మందు?" అని అడిగారు అత్తయ్యగారు.

"తెలియదండీ. కనుక్కుని రేపు చెబుతాను" అన్నారు పిన్నిగారు.

నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి లాక్కెళ్ళి, "మందుకేముంది, ఆకులతో చేస్తారని చెప్పెయ్యండి, ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాను. అంత కోపంగా ఆవిడ నన్ను చూడటం అదొక్కసారే. "ఆవిడ నీ దగ్గర బిళ్ళలు దాచింది. ఇప్పుడు నువ్వు ఆవిడ దగ్గర నిజం దాస్తావు. ఇంక ఈ ఇంట్లో ఎవరి సంగతి ఎవరికి తెలిసి చస్తుందే?" అన్నారు.

అన్నమాట ప్రకారం మర్నాడు ఆ మందు తయారుచేసే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుని వచ్చారు. "సూక్ష్మజీవుల్ని పెంచి, పులియబెట్టి తీస్తారట. మన ఇడ్లీపిండి పులిసినట్టే అనుకోండి. జంతువు లేదు, పాలూ లేవు" అని చెప్పారు. అత్తయ్యగారు ఇంకా ఆలోచిస్తున్నారు. "కాశీలో పెరుగు వదిలారు గానీ సూది వదల్లేదుగా అక్కయ్యగారూ!" అన్నారు పిన్నిగారు. అత్తయ్యగారు పకపకా నవ్వారు. చాలా నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను.

మొదట్లో ఇంజెక్షన్ నర్సు చేసేది. తర్వాత నెలనెలా నేనే చెయ్యడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. పిన్నిగారు ఒక నారింజపండు చేతిలో పెట్టి, దానికి పొడవడం నేర్పించారు. నేను గుచ్చబోయి వెనక్కి లాగేసుకుంటుంటే, "నీ కన్నా ఆ పండే నయం, కదలకుండా కూర్చుంది" అని వెక్కిరించారు. మా పాప ఆ నారింజపండుకి బ్యాండ్‌ఎయిడ్ వేసింది.

నెల తిరక్కుండానే అత్తయ్యగారు ఆవకాయ వెయ్యమన్నారు. అది జాడీలోంచి తీస్తూ ఏడ్చాను. మార్చి టికెట్ క్యాన్సిల్ చేశాం. పేర్లు మళ్ళీ సరిగ్గా పలికాయి. ఎడమకాలు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. చెప్పు వేసుకుంటే వేసుకున్నట్టు ఇప్పటికీ తెలియదు. పిన్నిగారు ఎప్పుడొచ్చినా, మాట ఎవరితో ఆడుతున్నా, కళ్ళు మాత్రం ముందు ఆ ఎడమకాలి మీదికే పోయేవి.

రోజూ బిళ్ళ వేసుకోవాలా అక్కర్లేదా అని ఆవిణ్ణి అడిగినవాళ్ళు మీలో ఎంతోమంది ఉంటారు. అంతకుముందైతే తడుముకోకుండా "అక్కర్లేదు" అనేవారు. ఆ తర్వాత ఎవరడిగినా ఒకటే మాట. "నిన్న ఏం తిన్నావు?" మొన్న కాదు, రోజూ కాదు, నిన్న. రోజూ ఏం తింటావంటే అందరం గొప్పలే చెబుతామని ఆవిడ నమ్మకం. రొట్టె, చిప్స్ తిని బతికే ఒక బ్రహ్మచారి ఇంజినీరు సీసా కొనబోతే, "ఆదివారం మా ఇంటికి రా, పప్పు వండటం నేర్పుతాను" అన్నారు. కడుపుతో ఉన్న ఒకమ్మాయి డాక్టరు రాసిన ఐరన్ మానేసిందని తెలిసి ఇంటికెళ్ళి మరీ కేకలేశారు. నాకొకసారి చెప్పారు, "తినేవాళ్ళకి చాలామందికి ఈ సీసా అక్కర్లేదే. తినలేనివాళ్ళకి ఒక్కోసారి ఈ సీసా కూడా చాలదు. ఎవరు ఎవరో అడిగితేగాని తెలియదు." ఆవిడ నోట నేను విన్న పెద్ద ఉపన్యాసం అదే. మా ఇంట్లో ఆ సీసా అయిపోయాక నేను మళ్ళీ కొనలేదు. దాని బదులు మధ్యాహ్నం బ్యాంకు నించి ఇంటికి ఫోన్ చేస్తున్నాను, అత్తయ్యగారు ఏం తిన్నారో అడగడానికి.

పిన్నిగారి భర్త మూడేళ్ళ క్రితం పోయారు. అప్పటినుంచి ఒక్కరే. శనివారం శనివారం నాకు ఫోన్ చేసేవారు. "నిన్న ఏం తిన్నారే మీ ఇంట్లో?" అంటే నేను బెండకాయ వేపుడు దగ్గర్నుంచి మొదలుపెట్టి అందరి కంచాలూ అప్పజెప్పేదాన్ని. మొన్న శనివారం ఫోన్ రాలేదు. షాపులో పని ఎక్కువై ఉంటుందిలే అనుకున్నాను.

ఆదివారం ఆ పొగంతా పోయాక, పూజ ముగించి వచ్చిన అత్తయ్యగారిని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాను. చేతిలోని ప్రసాదం గిన్నె బల్ల మీద పెట్టేశారు. తర్వాత, "నిన్న ఏం తిందిట?" అన్నారు.

"ఏమో అత్తయ్యగారూ. వాళ్ళ తమ్ముణ్ణి అడగలేదు."

"ఆయనకేం తెలుస్తుంది. నువ్వెప్పుడైనా అడిగావా దాన్ని? ఫోన్ చేసినప్పుడు?"

మూడేళ్ళు, వారం వారం. ఒక్కసారి కూడా అడగలేదు. ఈ మాట మీ అందరిముందూ రాయడానికే ఇంతసేపు ఈ కాగితం ముందు కూర్చున్నాను.

దహనమైన మర్నాడు అత్తయ్యగారు నన్ను పెరుగు తెమ్మన్నారు. తినడం వదిలారు గాని, ముట్టుకోవడం వదల్లేదన్నారు. కాశీ నించి వచ్చాక మొదటిసారి గిన్నెలో చెయ్యి పెట్టి, అల్లం, పచ్చిమిరపకాయ వేసి, మెత్తగా పెరుగన్నం కలిపారు. ఇంటి వెనక చెక్క డెక్ మీద రాలిన మేపుల్ ఆకులు నేను ఊడుస్తే, ఒక అరిటాకు ముక్క పరిచి దాని మీద ముద్ద పెట్టారు. కాకి కోసం. లోపలికొచ్చి అద్దాల తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాలి నించి ఎడమ చెప్పు ఎప్పుడు జారిందో ఆవిడకి తెలియదు. కళ్ళు సరిగ్గా ఆనక నన్ను పిలిచి పిలిచి అడుగుతున్నారు.

"చూడవే అమ్మాయ్. వచ్చిందా? ఏమైనా తిందా?"